మస్తాన్ నోట్లో ఏముండాది?

ఆదివారం, తొలివాన పడిన మర్నాడు

తుగ్గలి చేలల్లో ఎవరికో వజ్రం దొరికిందని పొద్దున పేపర్లో చదివి, డిగ్రీ చేసిన మేధావులిద్దరం, నేనూ మస్తానూ, డోన్ నుంచి బండెక్కి పోయినాం. చేలో జాతరే. టిఫిన్ క్యారియర్లతో వచ్చిన జనమంతా తల వంచుకుని మట్టిని చూస్తాండారు. దేవుడి ముందు కూడా ఇంత వినయం నేను చూడలేదు.

మూడింటప్పుడు మస్తాన్ వంగి, ఏదో తీసి తుడిచి, చటుక్కున నోట్లో వేసుకున్నాడు.

"ఏమప్పా, నోట్లో ఏముండాది?"

"లవంగం. పన్ను నొప్పి."

ఎర్రమట్టిలో లవంగాలు పండుతాయని నాకు ఏ సారూ చెప్పలేదు. నిద్రలో కూడా వాగే మనిషి, డోన్ వచ్చేదాకా నోరు తెరవలేదు. టీ కూడా వద్దన్నాడు!

ఒకటో తరగతి నుంచి మాది ఒకే బెంచీ. ఏది దొరికినా చెరిసగమని పొద్దున బండి మీదే ఒట్టేసుకున్నాం. వజ్రం పోతే పోనీ, ఇన్నేండ్ల స్నేహం ఒక లవంగం పాలాయనే అని నా బాధ.

ఇంటికొచ్చి, సాక్సులో దాచి తెచ్చిన తెల్లరాయిని మూడుసార్లు కడిగి చూసినా. గాజుపెంకు మాదిరే ఉండాది. అయినా తెలిసినోళ్లకు చూపించేదాకా మస్తాన్‌కు చెప్పను. వాణ్ని నమ్మేదెట్లా?