ఈల వేసే చోట

జూన్ 12
పై వరుసలో ముందు పళ్ళు రెండూ తీసేయాలట. డాక్టరమ్మ ఎక్స్‌రే ఫిల్మ్ వెలుతురుకు పట్టి చూపించింది. నాకేమీ అర్థం కాలేదు, తలూపాను. "ఊగుతాండాయి గదప్పా, ఇంగ ఎన్నాళ్ళు మోస్తావు?" — నిజమే. కానీ నలభై ఏళ్ళుగా శాక్సఫోన్ మౌత్‌పీస్ ఆనేది ఆ రెండు పళ్ళకే. అది ఆమెకు ఎట్లా చెప్పాలో తెలియలేదు. మాత్రలు రాయించుకుని వచ్చేశాను.

జూన్ 13
సుంకులమ్మతో చెప్పాను. జొన్న రొట్టె తడుతూ, వెనక్కి తిరగకుండానే — "పండ్లు పోతే కట్టుడు పండ్లు పెట్టుకుంటారు. దానికి మొగం అట్ల యాలాడేసుకోవల్లనా?" నా పెళ్ళాం ఓదార్పు ఇట్లాగే ఉంటుంది. రొట్టె మాత్రం పాలలో నానబెట్టి ఇచ్చింది.

జూన్ 19
కల్లూరులో పెళ్ళి ఊరేగింపు. ఆషాఢానికి ముందు మా బ్యాండుకు ఇదే చివరిది. పెళ్ళికొడుకు కారు దిగగానే ఎప్పటిలాగే కేక — "గుంతకల్ స్పీడు కొట్టండప్పా!"

మా మాస్టరు నేర్పిన పాట. మాటలు లేవు, ఒట్టి బాణీ. కర్నూలు చుట్టుపక్కల ఇంత వేగంగా వాయించే బ్యాండు ఇంకోటి లేదు, ఇది మా పొగరు. మొదటి చుట్టు అయ్యాక చిన్న ఖాళీ. అక్కడ డ్రమ్ము వాయించేవాడు ఒక్క ఈల వేస్తాడు. జనం ఎగురుతారు.

ఈరోజు మూడో చుట్టులో పన్ను కదిలింది. స్వరం చీలింది. వెనక డీజే డబ్బాల హోరులో ఎవరికీ వినపడలేదు. నాకు వినపడింది.

జూన్ 24
కడప నుంచి మాబున్ని ఫోన్. మా దస్తగిరి మాస్టరు కూతురు. ముసలాయన ఆమె దగ్గరే ఉంటున్నాడు.

"నాయనకు ఎడమ చెవి ఎప్పుడో పాయ గదన్నా. ఇప్పుడు కుడిది గూడా పోతాండాది. మిషను పెట్టినా పని జెయ్యదన్నారు. 'నాగన్నను పిలువు, చెవి ఉండంగానే మన పాట ఒగతూరి ఇంటా' అని ఒగటే పోరు."

వస్తా, వచ్చే నెలాఖరులోపల వస్తా అన్నాను. మాట్లాడినంతసేపూ నాలుక ఆ పళ్ళనే తడుముతోంది.

జూన్ 28
తీసేశారు. పళ్ళూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం అంటారు — నాకు మాత్రం చల్లటి గది, మెత్తటి కుర్చీ, మత్తు సూది, ఇన్ని మర్యాదలు జరిగాయి.

జూన్ 29
రాగి జావ. మళ్ళీ రాగి జావ.

జూలై 6
పీర్ల పండుగ. పొద్దున్నుంచి వీధిలో తప్పెట్లు. ప్రతి ఏడూ పీర్ల ముందు వాయించుకుంటూ పోయేవాణ్ణి. ఈసారి అరుగు మీద నిలబడి చూశాను. దాటుకుంటూ పోయిన ఒకాయన — "ఏమప్పా నాగన్నా, ఈడ నిలబడుకోని ఏం చేస్తాండావు?" నోటికి తుండుగుడ్డ అడ్డం పెట్టుకుని నవ్వాను. లోపలికి వచ్చాక ఏడుపొచ్చింది.

జూలై 10
కట్టుడు పళ్ళు వచ్చాయి. అద్దంలో బాగానే ఉన్నాను, పెళ్ళికొడుకులా. శాక్స్ తీశాను. మౌత్‌పీస్ ఆనించి ఊదగానే పళ్ళు జారాయి. మళ్ళీ. గాలి పక్కనుంచి పోతుంది. వచ్చిన చప్పుడేమో గొంతు పట్టేసిన కోడిది. ఊదే చోట ఉండే వెదురు రీడు మార్చాను. మౌత్‌పీస్ మార్చాను. ఆడలేక మద్దెల ఓడు.

జూలై 11
శాక్స్ పెట్టెలో పెట్టి, పెట్టె మీద దుప్పట్లు పెట్టాను. మాస్టరు చెవి మాత్రం ఆగదు. రోజూ ఇంత పోతూనే ఉంటుంది. నేనేమో దుప్పట్లు మడతపెట్టుకుంటున్నాను.

జూలై 13
వాయించలేనివాడు వినాలి కదా. మాస్టరు ఇచ్చిన పాత క్యాసెట్ తీశాను — తిప్పడానికి యంత్రం లేదు, ఊరికే చేతిలో పట్టుకున్నాను. మీద మాస్టరు రాత: "జాజ్. గుంతకల్."

వయసులో ఉన్నప్పుడు ఆయన గుంతకల్లులో రైల్వే వాళ్ళ డాన్సులకు వాయించేవాడు. అక్కడి ఇంజను డ్రైవరు దొర ఒకాయన ఊరు వదిలి పోతూ, తన దగ్గరున్న రికార్డు ఒకటి టేపు చేసుకోమన్నాడట. ఆ దొర ఇంట్లోనే, ఆయన రికార్డులు తిప్పే పెట్టె మీదే. రికార్డు పేరు రాసుకోవాలన్న ఆలోచన రాలేదు. ఆ ఒక్క టేపు విని ఆయన నేర్చుకున్నాడు, మాకు నేర్పాడు. ఆయన ఇచ్చిన ఆల్టో శాక్స్‌తోనే మా జీవనం.

ఫోన్‌లో జాజ్ అని కొట్టాను. ఒక్క రికార్డనుకుంటే సముద్రం.

జూలై 15
మూడు రోజులుగా ఇదే పని. రాసుకుంటే గానీ నాకు బుర్రకెక్కదు.

రెండో పెద్ద యుద్ధానికి ముందు జాజ్ అంటే డాన్సు. పెద్ద బ్యాండులు, ఒకే రంగు కోట్లు — మాలాగే. యుద్ధం అయ్యేనాటికి పెద్ద బ్యాండులను పోషించలేక చిన్నవయ్యాయి. నలుగురైదుగురు కుర్రాళ్ళు వేగం పెంచారు. ఎంత అంటే, ఎవరి కాళ్ళకూ అందనంత. డాన్సు చేసేవాళ్ళు పోయారు, వినేవాళ్ళు మిగిలారు. దాన్ని బీబాప్ అన్నారు. ఒకటి పెట్టి విన్నాను. ఇది మా గుంతకల్ స్పీడే! మనం ఈ బడి వాళ్ళమన్నమాట.

ఒకటి మాత్రం ఇన్నాళ్ళూ తెలియదు నాకు. దొరల సంగీతం అనేవాడు మాస్టరు. కాదు, అమెరికా నల్లవాళ్ళది. వాళ్ళు వాయించే హోటళ్ళలో కొన్నింట్లో వాళ్ళను ముందు వాకిలి నుంచి రానిచ్చేవారు కాదట. ఇక్కడ కాసేపు ఫోన్ ఆపాను. మా నాయన సన్నాయి ఊదిన పెళ్ళిళ్ళు గుర్తొచ్చాయి. తాళి కట్టేటప్పుడు ఆయన ఊదకపోతే పెళ్ళే కాదు, భోజనానికి మాత్రం చివరి పంక్తి.

జూలై 17
వేగం తర్వాత ఏమైందో విన్నాను. కొందరు చల్లబడ్డారు — తక్కువ స్వరాలు, ఎక్కువ ఊపిరి. దానికి కూల్ అని పేరు. కొందరు చర్చి పాటల వాసన, కష్టాల పాటల వాసన మళ్ళీ తెచ్చారు. ఇంకా తర్వాత కొందరు ఒకటి రెండు స్కేళ్ళే పట్టుకుని వాటి మీదే కూర్చున్నారు. మా నాయన ఒకే రాగాన్ని గంటసేపు ఊదడం లేదూ? కొత్తగా కనిపెట్టినట్టు చెప్తున్నారు గానీ... సరే, వాళ్ళకు కొత్తే.

ఆఖరికి కట్లన్నీ తెంపేసినవాళ్ళు. అది పెట్టగానే సుంకులమ్మ వంటింట్లోంచి — "ఎవురిదన్నా మేక తప్పిపోయిందేమో చూడుపా."

నాకు నచ్చింది చల్లబడినవాళ్ళ సంగీతం. పళ్ళున్నప్పుడు విని ఉంటే ఇదేం నిద్రమొగం పాట అనేవాణ్ణి.

జూలై 18
జరిగింది జరిగినట్టు రాస్తాను.

మధ్యాహ్నం ఫోన్ దానంతటదే ఒక పాట మీదికి పోయింది. పాతది. టెనర్ శాక్స్, మా ఆల్టో కంటే బరువైన గొంతు. శానా నిదానం. డ్రమ్ము మీద కర్రలు కాదు, కుంచె తిప్పుతున్న చప్పుడు. మంచం మీద వాలి వింటున్నాను. బాణీ ఎక్కడో విన్నట్టుంది, అందడం లేదు. మొదటి చుట్టు అయింది. చిన్న ఖాళీ. ఆ ఖాళీలో — కిర్రుమని — ఎవరో కుర్చీలో కదిలిన చప్పుడు.

లేచి కూర్చున్నాను.

ఈల.

మన క్యాసెట్‌లో సరిగ్గా అక్కడే కీచుమంటుంది. "సూడండప్పా, వాండ్ల బ్యాండులో ఈలేసేటోడు గూడా ఉండాడు" అని మాస్టరు మురిసిపోయి, మన డ్రమ్ము వాడికి ఈల కొనిచ్చాడు. నలభై ఏళ్ళుగా కర్నూలు పెళ్ళిళ్ళలో ఒక కుర్చీ చప్పుడుకు ఈల వేస్తున్నాం.

ఫోన్‌లో వేగం పెంచే మీట ఉంది. పెంచాను. గుంతకల్ స్పీడు.

జూలై 19
ఇప్పుడు తెలిసింది. ఆ పాత రికార్డు పెట్టెలకు మీట ఉండేది. పెద్ద రికార్డులు నిమిషానికి ముప్పై మూడు సార్లు తిరగాలి, చిన్నవి నలభై ఐదు. దొర ఇంట్లో ఆరోజు పెద్ద రికార్డు పెట్టి మీట నలభై ఐదు మీద ఉంచేశారు. టెనర్ కాస్తా ఆల్టో అయింది, నిదానం కాస్తా పరుగైంది. అందులో మనిషి గొంతు ఉంటే కనిపెట్టేవాళ్ళేమో. శాక్సే కదా ఉన్నది, ఎవరికి అనుమానం వస్తుంది?

కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు. ఆ వేగం అందుకోవడానికి మాస్టరు నా వేళ్ళ మీద కొట్టినవి గుర్తున్నాయి. "రికార్డులో వాడు వాయిస్తాండాడు గదా, నీకేం రోగం?" వాడు వాయించలేదు మాస్టరూ. లోకంలో ఎవడూ వాయించలేదు. మనమొక్కరమే వాయించాం.

ఇది రాశాక కోపం కొంచెం తగ్గింది. కొంచెం నవ్వు కూడా వచ్చింది.

జూలై 20
సుంకులమ్మకు చెప్పాను, మొత్తం. పెసలు ఏరుతూ విన్నది. మీట సంగతి పట్టించుకోలేదు. "సరే, అది నిదానం పాట. నువ్వు ఊదేకి అయితాదా, కాదా?"

పళ్ళు లేవు కదా అన్నాను.

"మీ నాయనకు కడాకు ఎన్ని పండ్లుండె? సన్నాయి ఊదలేదా? ఆయప్ప పెదాలతోనే గదా ఊదె."

పెసల చేట దాటుకుంటూ పోయి దుప్పట్లు కింద పడేశాను.

జూలై 21
కట్టుడు పళ్ళు తీసి గ్లాసులో వేశాను. పై పెదవి లోపలికి మడిచి, కింది పెదవి లోపలికి మడిచి, సన్నాయి పట్టినట్టు. నిమిషం కాకముందే పెదాలు మండిపోయాయి. కానీ స్వరం నిలబడింది. ఒక్కటే స్వరం. మెత్తగా. ఈ శాక్స్‌లో ఇట్లాంటి గొంతు ఉందని నాకు తెలియదు.

జూలై 22
మూడు నిమిషాలు.

జూలై 25
వేగం రాదు, ఇక ఎప్పటికీ రాదు. ప్రయత్నించాను, ఒప్పుకుంటున్నాను. నిదానం వస్తుంది. అసలు శ్రుతికి దిగి, అసలు నడకలో. పెదాలు వాచి కోవా బిళ్ళల్లా ఉన్నాయి. సుంకులమ్మ వెన్న రాసి — "కడపకు పోయేటప్పటికి మనిషి మిగలల్ల గదా."

జూలై 27
ఒక్క చిక్కు. మాస్టరు వింటానన్నది "మన పాట". నేను తీసుకుపోయేది ఇది. ఇదే మన పాట అని చెప్తే — మీరు జీవితమంతా నేర్పింది మీట తప్పు అని చెప్పినట్టు. చెవి పోయే ముందు మనిషికి వినిపించే మాటా అది? చెప్పకపోతే, మన పాట రాదు, పళ్ళు లేవు, ఇంకేదో వాయిస్తా అని అబద్ధం ఆడాలి.

బస్సులో ఆలోచిస్తా.

జూలై 29
కడప పోయి వచ్చాను. నంద్యాల దాటి, ఆళ్ళగడ్డ దాటి, మైదుకూరు కూడా దాటాను. ఆలోచన మాత్రం ఎక్కిన చోటే ఉంది.

మాస్టరు మంచం మీద, గోడకు ఆనుకుని. సగమైపోయాడు. "ఎవురూ, నాగన్ననా? కుడి పక్కకు రాప్పా, ఆ పక్క ఇల్లు ఖాళీ." నా నోరు చూశాడు. "నాకు చెవి పాయ, నీకు పండ్లు పాయ. జత బాగనే కుదిరిందిలే." నేను నవ్వలేకపోయాను, ఆయనే ఇద్దరి నవ్వూ నవ్వాడు.

మాబున్ని ఆటోల మోత వినపడకుండా కిటికీ మూసింది. శాక్స్ మూతి ఆయన కుడి చెవి దగ్గరగా పెట్టి మొదలుపెట్టాను. ఏమీ చెప్పలేదు. చెప్పడానికి నోరు ఖాళీ లేదు, అదొక్కటే అదృష్టం.

ఆయన కళ్ళు మూసుకున్నాడు. మాబున్ని తలుపు దగ్గర కూర్చుంది. ఎవరూ ఎగరలేదు, ఎవరూ కేక పెట్టలేదు. నలభై ఏళ్ళలో మొదటిసారి నా వాయింపును ఇద్దరు మనుషులు కూర్చుని విన్నారు.

మొదటి చుట్టు అయింది. ఖాళీ వచ్చింది. దుప్పటి మీద ఆయన చూపుడువేలు లేచింది. డ్రమ్ము వాడికి ఈల వేయమని సైగ చేసే వేలు. లేచి, ఆగి, పడిపోయింది.

నేను ఎట్లా పూర్తి చేశానో తెలియదు.

"ఇది యాడిదప్పా?" అన్నాడు కళ్ళు తెరవకుండా. "శానా బాగుండాది. ఇన్నాళ్ళు యాడ దాచిపెట్టుకున్నావు? నాకు నేర్పు."

నాకు నేర్పు. మాస్టరు. నన్ను.

మన పాట వాయించమంటారా అని చెవి దగ్గర అడిగాను, వాయించలేనని తెలిసి కూడా. "వద్దులేప్పా. ఇదే ఇంగోతూరి." ఇంకో మూడుసార్లు వాయించాను. పెదవి చిట్లింది. వేలు మళ్ళీ లేవలేదు.

జూలై 30
వేలు ఎందుకు లేచింది? అలవాటా? బాణీ పోల్చుకుని, నేను నొచ్చుకుంటానని గమ్మున ఉన్నాడా? లేకపోతే... దొర ఇంట్లో ఆరోజు ఆయనకు రెండు చెవులూ ఉన్నాయి. పెళ్ళిళ్ళలో నిదానం పాటకు ఎవరు ఎగురుతారు? మీట తిప్పింది ఎవరు?

ఛ. నాదంతా అనుమానం బుర్ర.

ఆగస్టు 2
శ్రావణం వచ్చింది. బ్యాండు వాళ్ళు పిలిచారు. నా చోటు క్లారినెట్ అతనికి ఇవ్వమన్నాను. గుంతకల్ స్పీడు అతను వాయించగలడు. ఈల ఆపొద్దని చెప్పాను.

ఆగస్టు 6
మాబున్ని ఫోన్. కుడి చెవి కూడా పోయిందట. మొన్నటి నుంచి అరిచినా వినపడటం లేదు.

"ఏడ్సలేదన్నా. గమ్మున కూసోని ఆ పాటే పాడుకుంటాండాడు. దాని పేరేందో నీతో రాయించి తెప్పించమన్నాడు. పెద్ద అచ్చరాలతో రాయల్లంట, చదువుకుంటాడంట."

ఆగస్టు 7
తెల్ల కాగితం ముందు పెట్టుకుని పొద్దున్నుంచి కూర్చున్నాను. ఫోన్‌లో దాని అసలు పేరు ఉంది. చదివితే ఆయనకు ఏమీ తెలియదు, ఎవరికీ నొప్పి ఉండదు. రెండో పేరు, గుంతకల్ స్పీడు అని రాస్తే మొత్తం తెలుస్తుంది.

"మాస్టరుకు" అని రాశాను. పెద్ద అక్షరాలు.

దాని కింద — ఈల వేసే చోట వేలు ఎందుకెత్తారు? — అని రాసి, కొట్టేశాను. కొట్టేసినా చదవడానికి వస్తోంది. కాగితం మారుద్దామని ఇంకొకటి తీశాను. అది పక్కన పెట్టి, మళ్ళీ దీన్నే చూస్తూ కూర్చున్నాను... తపాలా పెట్టె నాలుగింటికి తీస్తారు.