బొట్టు లేని స్టిక్కరు

చి. ఇంద్రజకు, కూర్మన్నపాలెం నుంచి అమ్మమ్మ ఆశీస్సులు. మోకాళ్లు తప్ప అంతా క్షేమం.

మా జంక్షన్లో చేపలమ్మే గంగాలమ్మ, తన ఐసుపెట్టె మీది క్యూఆర్ స్టిక్కరుకు శుక్రవారం శుక్రవారం బొట్టు పెడుతుంది. "హారతి కూడా ఇవ్వవే" అని వెక్కిరించేదాన్ని. నిన్న కానాగడత చేపలు కొని నేను ఫోను తీయగానే చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగండమ్మగారూ! బొట్టేదీ? నాను సెరపనేదే!"

గోటితో గీకితే పై స్టిక్కరు ఊడి, కింద బొట్టుతో సహా ఆమెది బయటపడింది. ఎవడో తన ఖాతా స్టిక్కరు పైన అంటించిపోయాడు. పొద్దుటి బేరాలన్నీ వాడి పాలయ్యాయి. పాపం, లబోదిబోమంటూ బ్యాంకుకు పరుగెత్తింది. ఇంతకీ ఆ దొంగవాడు చేపలు కూడా కొని, తన డబ్బు తనకే పంపుకున్నాడా అని నాకు ఒకటే ఆరాటం.

నీ కుట్టుషాపు తలుపు మీదా స్టిక్కరు ఉంది కదా, రోజూ చూసుకుంటున్నావా? నువ్వూ బొట్టు పెట్టు. నామోషీ అయితే పెన్నుతో చుక్కయినా పెట్టు. నా జాకెట్లు ఎంతవరకు వచ్చాయి? ఎలమంచిలిలో వానలు పడ్డాయా?

ఈ కార్డు మూలన కుంకుమ పెట్టాను. అది లేకుండా నా పేరుతో ఎవరు డబ్బడిగినా ఇవ్వకు. ఈ కార్డు మీద అది ఉంది కనుక, ఈ మాట అచ్చంగా నాదే: జాకెట్ల కూలి నన్నడగకు.

మీ అమ్మమ్మ,
తాయారు