ఆదివారం బండి

నాందేడ్,
28 అక్టోబరు 1974

ప్రియమైన విద్యావతికి,

నిన్న కూడా నువ్వు రాలేదు. దసరాకు రాలేదు, కాన్పులున్నాయన్నావు, ఊరుకున్నాను. మరి నిన్న ఆదివారం ఏమైంది? ఉమ్రి నుంచి నాందేడ్‌కు బండ్లు ఆగిపోయాయా?

సుమంగళకు తొమ్మిదేళ్లు. పండగనాడు అందరికీ జమ్మి ఆకు పంచి, ఒకటి నీకోసం దేవుడి గూట్లో దాచిందట. వదిన చెప్పింది. అది ఎండి ముక్కలై ఉంటుంది. తలకు నూనె పెట్టనివ్వదు. "అమ్మ అస్తెనే జడ ఏసుకుంట" అని మొండికేస్తుంది. దీపావళి గిరాకీలో బట్టల దుకాణం చూసుకోనా, నీ బిడ్డను బుజ్జగించనా? మా ఇంటి కోడలు సర్కారు దవాఖానలో నర్సుగా తిరుగుతోందని అన్నయ్య ముందు తల వంచుకుంటున్నాను. అయినా ఇన్నాళ్లూ నిన్ను ఆపలేదు. ఇక చాలు. వచ్చే ఆదివారం రాకపోతే ఏదో ఒకటి తేల్చేస్తాను.

నీ
శివరాం


ఉమ్రి,
30 అక్టోబరు 1974

ప్రియమైన మీకు,

మీ ఉత్తరం అందింది. ఆదివారం పొద్దున సంచి భుజానికి తగిలించుకొని స్టేషనుకు బయలుదేరాను. దవాఖాన ముందు ఎడ్లబండి ఆగింది. లోపల నొప్పులతో ఒక ఆడమనిషి, బిడ్డ అడ్డం తిరిగి ఉంది. డాక్టరు ఊళ్లో లేరు, రెండో నర్సు సెలవులో ఉంది. ఆమె భర్త నా సంచి పట్టుకొని "సిస్టర్‌బాయీ, నీ కాళ్లు మొక్కుత, పోకు" అన్నాడు. నేనెలా బండెక్కను? సాయంత్రానికి తల్లీబిడ్డా బతికి బయటపడ్డారు.

మీకు కోపం వచ్చిందని తెలుసు. నాకూ వచ్చింది. "నీ బిడ్డ" అని రాశారు. నేనొక్కదాన్నే కన్నానా? దుకాణంలో మీరు చేసేది పని, దవాఖానలో నేను చేసేది తిరుగుడా?

దీపావళి దాకా నాకు సెలవు దొరకదు. బడికి సెలవులిచ్చారు కదా, సుమంగళను మీరే తీసుకురండి. తీరిక లేదంటారా, అక్కతో, అదే మీ వదినతో చెప్పండి. మనింట్లో అంట్లు తోమే ముత్తెమ్మ కూతురిది ఈ ఊరే. ముత్తెమ్మ వచ్చేటప్పుడు వెంట పంపుతుంది. పిల్ల కోసం నా చూపులన్నీ స్టేషను వైపే ఉన్నాయి.

మీ
విద్య


నాందేడ్,
4 నవంబరు 1974

విద్యావతికి,

పిల్లను ఉమ్రికి పంపేది లేదు. మందుల వాసనలో, పురిటి కేకల మధ్య పెరగాల్సిన ఖర్మ దానికేం పట్టింది?

నిన్న ఆదివారం ఏం జరిగిందో విను. పొద్దున్నే వాకిట్లో కూర్చుంది. టాంగా చప్పుడైన ప్రతిసారీ లేచి నిలబడింది. నీ బండి వేళ దాటాక ఏడుపు మొదలుపెట్టింది. గిరాకీ వదిలేసి నేనే వచ్చి నాలుగు ముద్దలు తినిపించాను. "బాపూ, అమ్మ నన్ను మరిచిపోయిందా ఏంది?" అంటే నేనేం చెప్పను? ఇది రాస్తుంటే నా ఒళ్లోనే నిద్రపోయింది. చెంపల మీద ఏడుపు చారలు ఇంకా ఆరలేదు.

నువ్వు తల్లివైతే ఇది చదివాక అక్కడ ఉండలేవు. రాజీనామా మరాఠీలో రాయించి దీనితో పెడుతున్నాను. సంతకం పెట్టి పంపు. లేదంటే దీపావళికి ఈ ఇంటి గడప తొక్కకు.

శివరాం


ఉమ్రి,
6 నవంబరు 1974

శివరాం గారికి,

పెళ్లయ్యాక మొదటిసారి మీ పేరు రాస్తున్నాను. ప్రియమైన అని రాయడానికి ఈరోజు చెయ్యి రావడం లేదు.

మీ ఒళ్లో నిద్రపోయిన సుమంగళ శనివారం నుంచి నా దగ్గరే ఉంది.

అక్కే ముత్తెమ్మ వెంట పంపింది. పంపేముందు పిల్లను వెంటబెట్టుకొని దుకాణానికి వచ్చి, "శివరామూ, సుమంగళను ఉమ్రికి తోలిస్తున్న" అని చెప్పిందట. చీరల మడతల మీది నుంచి తల ఎత్తకుండానే "ఆఁ, తోలియ్యి" అన్నారట మీరు. "పోయొస్త బాపూ" అని సుమంగళ అంటే దానికీ "ఆఁ" అన్నారట.

మనింట్లో ముగ్గురన్నదమ్ముల పిల్లలు ఏ పొయ్యి దగ్గర తింటే అక్కడే పడుకుంటారు. రాత్రి మీరు వచ్చి "పిల్లలు తిన్నరా?" అంటారు. "అందరు తిన్నరు" అంటుంది అక్క. మీరు గల్లా తాళాలు దిండు కింద పెట్టుకొని నిద్రపోతారు. ఆ పిల్లల్లో మీ కూతురు ఉందో లేదో చూశారా ఎప్పుడైనా?

మీ ఉత్తరం వచ్చినప్పుడు నేను కాన్పు గదిలో ఉన్నాను. సుమంగళే విప్పింది. దానికి తెలుగు చదవడం వచ్చని మీకు తెలియదు. బడిలో మరాఠీయే కదా. ఆదివారాలు నేను వచ్చి నేర్పాను. చేతులు కడుక్కొని బయటికి వస్తే నాకు మొత్తం చదివి వినిపించింది. "అమ్మా, నేనెప్పుడు ఏడ్సిన? బాపు ఎవల గురించి రాసిండు?" అంది.

నాకు ఒళ్లు మండిపోయింది ఎందుకో చెప్పనా? పిల్ల నా పక్కనే నిలబడి ఉండగా కూడా, ఆ చెంపల మీది చారల మాట విని నాకు కళ్లనీళ్లు తిరిగాయి. నాలుగేళ్లుగా మీ ఉత్తరాలు చదివి డ్యూటీ గదిలో తలుపేసుకొని ఏడ్చాను. అన్నం మానేసిందన్నారు, జ్వరంలో నన్నే పలవరించిందన్నారు. వాటిలో ఎన్ని నిజం? నేను ఊరు కాని ఊళ్లో ఉండి తప్పు చేశానని ఇన్నాళ్లూ నన్ను నేనే తిట్టుకున్నాను. అదే ఇంట్లో ఉండి మీరు దాన్ని చూడలేదు. జమ్మి ఆకు మాటొక్కటే నిజం. రుమాలులో ముడేసి తెచ్చింది. ముక్కలు కాలేదు.

రాజీనామా తిప్పి పంపుతున్నాను. సంతకం పెట్టలేదు, పెట్టను. సుమంగళ ఇక్కడి బడిలో చేరుతుంది. దుకాణంలో లక్ష్మీపూజ ముగిశాక దాన్ని చూడాలనిపిస్తే, నాలుగేళ్లు నేనెక్కిన ఆదివారం బండి ఉంది. ఇక మీరెక్కండి.

కాగితం వెనక ఖాళీ ఉంది కదా అని సుమంగళ ఏదో రాసింది. నేను దిద్దలేదు.

విద్యావతి


(రాజీనామా కాగితం వెనక)

బాపూ,

నేను ఏడుస్తలేను. జడ అమ్మ ఏసింది. నన్ను ఒళ్లె పండబెట్టుకున్నవని రాసినవు గద. ఆదివారం అచ్చి నిజంగ పండబెట్టుకో.

సుమంగళ