‘విలోబీ’ చరిత్ర పన్నెండో పేజీ

ప్లిమత్,
3 మార్చి 1951

నౌకాదళ చరిత్ర రాస్తున్న అధికారి గారికి,

అయ్యా, మా డిస్ట్రాయర్ ‘విలోబీ’ యుద్ధ చరిత్ర రాసి, తప్పులుంటే చెప్పమని పాత సిబ్బందికి పంపారు. సంతోషం. నేను ఆ ఓడలో నాలుగేళ్లు వంటవాణ్ణి. పన్నెండో పేజీలో ఒక తప్పుంది.

మధ్యధరా సముద్రంలో శత్రు జలాంతర్గామి మీద బాంబులు వేశామనీ, నీటి మీద నూనె తేలిందనీ, కాబట్టి అది మునిగినట్టేననీ రాశారు. బాంబులు వేసిన మాట నిజమే. ఆ అదురుకి నా పొయ్యి మీది పెద్ద మూకుడు బోల్తాపడి, ఓడలో మిగిలిన నూనెంతా తూములోంచి సముద్రంలోకి పోయింది.

రుజువు కోసం ఆ నూనెను బకెట్‌తో తోడి తెచ్చారు. కెప్టెన్ హాథర్సేజ్ గారు వాసన చూసి, “ఇదేంటయ్యా, చేపల వాసనొస్తోంది?” అన్నారు.

“జర్మన్లు మాత్రం వేపుడు తినరా సార్?” అన్నాడు లెఫ్టినెంట్ ప్రౌస్.

తలుపు పక్కనే ఉన్న నేను మెల్లగా వంటగదిలోకి జారుకున్నాను. కెప్టెన్ గారికి పతకం వచ్చింది.

జలాంతర్గామి మునిగిందన్న మాటను కొట్టేయమనడం లేదండీ. కెప్టెన్ గారు పోయారు. ఆయన భార్య ఆ పతకాన్ని రోజూ తుడుచుకుంటారు. జలాంతర్గామిని మునిగే ఉండనివ్వండి.

కానీ ఆ బాంబులకు చచ్చి తేలిన చేపల్ని, ఎప్పటిలాగే, మావాళ్లు గంపలకొద్దీ ఎత్తుకొచ్చారు. వేయిద్దామంటే నూనె చుక్క లేదు. నూటనలభై మందీ మూడు రోజులు ఉడకబెట్టిన చేప తిని, మాల్టా చేరేదాకా నన్ను తిట్టారు.

అందుచేత, “మన పక్షాన ఎలాంటి నష్టమూ లేదు” అన్న వాక్యం ఒక్కటి దయచేసి మార్చండి.

ఇట్లు,
విధేయుడు,
‘విలోబీ’ వంటవాడు