పంటి గాట్లు

జూన్ 3

సిటీ బ్యాండ్ నుంచి ఉత్తరం. క్లారినెట్ సీటు ఒకటి ఖాళీ అయిందట. ఇరవై ఆరున ఆడిషన్. తొమ్మిదేళ్ళ తర్వాత వచ్చిన ఖాళీ ఇది. వయసు నలభై అయిదు లోపు ఉండాలి. నాకు ఆగస్టులో నిండుతాయి. అంటే ఇప్పుడు కాకపోతే ఇక ఎప్పటికీ లేదు.

నా దగ్గరున్నది స్కూలు పిల్లల ప్లాస్టిక్ క్లారినెట్. దానితో అక్కడికి వెళ్తే పరువు పోతుంది. కొత్త చెక్క క్లారినెట్‌కు నా ఆరు నెలల జీతం కావాలి. నా దగ్గర రెండు నెలల జీతమంత ఉంది. సెకండ్‌హ్యాండే గతి.

జూన్ 6

వాయిద్యాల షాపులో మూడు వాయించాను. ఒకదానికి పగులు, మైనం పూసి దాచారు. రెండోదానికి పైముక్క ఒక కంపెనీది, కిందిముక్క ఇంకొకటిది. మూడోది బాగుంది. కాదు, పగులుదే బాగుంది. మళ్ళీ వాయిస్తే మూడోదే.

నేను పని చేసేది కళ్ళద్దాల షాపులో. రోజంతా అద్దాలు మార్చి మార్చి ‘ఇది బాగుందా, ఇది బాగుందా’ అని అడగడమే నా ఉద్యోగం. పదోసారికి ఎవరైనా తికమకపడి నోటికొచ్చింది చెప్పేస్తారు. ఇన్నాళ్ళూ వాళ్ళను లోపల్లోపల విసుక్కునేదాన్ని. ఇక విసుక్కోను.

జూన్ 8

వాయిద్యాలు రిపేరు చేసే అతన్ని సలహా అడిగాను. రెండు ముక్కల మీదా ఒకే నంబరు ఉండాలట. రంధ్రాలన్నీ మూసి గాలి పీలిస్తే ఎక్కడా లీకు ఉండకూడదట. మెరుపు చూసి పడిపోకండి మేడమ్ అన్నాడు. రాసుకున్నాను.

జూన్ 11, రాత్రి 8

కొన్నాను! కొనేశాను!

పేపర్లో ప్రకటన చూసి డ్యూటీ దిగి తిన్నగా అటే వెళ్ళాను. రిటైరైన పెద్దాయన. నలభై ఏళ్ళు రైల్వే బ్యాండ్‌లో వాయించారట. ఒక్క గది, ఒక్క కుర్చీ. ఆ కుర్చీ నాకిచ్చి ఆయన మంచం మీద కూర్చున్నారు. నంబర్లు కలిశాయి. లీకు లేదు. నోట పెట్టుకుని ఊదే నా మౌత్‌పీస్ ఇంట్లోనే ఉండిపోయింది, దానికి బిగించే రెల్లు పట్టీల, అదే రీడ్ల, డబ్బా మాత్రం బ్యాగులో ఉంది. ఆయన తన మౌత్‌పీస్ కడిగి బిగించి ఇచ్చారు. దాని మీద రెండు లోతైన పంటి గాట్లున్నాయి.

ఊదాను. ఆ శబ్దం నాలోంచి వచ్చిందంటే ఇప్పటికీ నమ్మలేకపోతున్నాను. ఏడుపొచ్చింది. సిగ్గు లేకుండా ఏడ్చాను. బేరం కూడా ఆడలేదు. ఆయన మౌత్‌పీస్ విప్పి, రుమాల్లో చుట్టి, చొక్కా జేబులో పెట్టుకున్నారు. సరే అనుకున్నాను.

జూన్ 12

నా మౌత్‌పీస్ పెట్టి వాయించాను. అదే పాత శబ్దం. నా ప్లాస్టిక్ దానికన్నా ఒక మెట్టు పైన, అంతే. మా ఇంటాయన బాగుంది అన్నారు. ఆయనకు మాడిన కూర కూడా బాగుంటుంది.

జూన్ 13

నిన్న నాకు జలుబు చేసిందేమో. ఈరోజు కూడా చేసినట్టుంది.

జూన్ 15

క్లారినెట్ తీసుకుని రిపేరతని దగ్గరికి పరిగెత్తాను. అంతా చూసి, వాయిద్యం భేషుగ్గా ఉంది అన్నాడు. తర్వాత, అక్కడ ఎవరి మౌత్‌పీస్‌తో వాయించి చూశారు మేడమ్ అని మెల్లగా అడిగాడు.

పెద్దాయనదే అన్నాను. శబ్దంలో సగం మౌత్‌పీస్‌దే, అందుకే ఎవరి క్లారినెట్ చూడబోయినా సొంత మౌత్‌పీస్‌తోనే వాయించాలి. మొదటి ఏడాది పిల్లలకు చెప్పే మాట. ఇరవై ఏళ్ళ నుంచి వాయిస్తున్నారు కదా, మీకు తెలుసనుకుని చెప్పలేదు అన్నాడు. అతని తప్పేముంది!

జూన్ 16

ఫోన్ చేసి, మౌత్‌పీస్ కూడా అమ్ముతారా అని అడిగాను. అది అమ్మేది కాదమ్మా అన్నారు పెద్దాయన. ఎంతైనా ఇస్తానన్నాను. ఎక్కడినుంచి తెచ్చి ఇస్తానో నాకే తెలియదు. నా పళ్ళు అమ్మమన్నట్టుందమ్మా నీ మాట అన్నారు. నవ్వారో, కోప్పడ్డారో తేలలేదు.

జూన్ 18

అయినా వెళ్ళాను. నా మొండితనం నాకు తెలుసు.

పెద్దాయన కట్టుడు పళ్ళు పెట్టించుకున్నాక ఆరేళ్ళుగా వాయించలేదట. నా చేతిలోంచి క్లారినెట్ తీసుకుని, జేబులోది తీసి బిగించారు. వట్టి గాలి వచ్చింది. పళ్ళు కదిలిపోయాయి. గోడవైపు తిరిగి సర్దుకున్నారు. చూశావుగా అమ్మా అన్నారు. నాకు అక్కడ ఉండబుద్ధి కాలేదు, లేచి రాబుద్ధీ కాలేదు.

జూన్ 20

వాయిద్యాల షాపులో పదకొండు మౌత్‌పీసులు ఊది చూశాను. అన్నీ ఒకటే. ఏదీ అది కాదు. మా కళ్ళద్దాల షాపులో ఎవరైనా ఇలా తికమకపడితే ఇంటికి పంపించి రేపు రమ్మంటాను. నాకు రేపులు ఎన్నో లేవు.

జూన్ 22

పెద్దాయన మా షాపుకు వచ్చారు! కంటి పరీక్షకు. మౌత్‌పీస్ ఊసే ఎత్తలేదు. అద్దాలు మారుస్తూ ఇది బాగుందా అని అడిగితే, నువ్వే చెప్పమ్మా అన్నారు. వెళ్ళిపోయాక చూస్తే కుర్చీలో రుమాలు. లోపల అదే. ఫోన్ చేస్తే, ఇరవై ఆరు దాకా ఉంచుకో, ఆ తర్వాత తెచ్చెయ్యి అన్నారు.

జూన్ 24

వాయిస్తుంటే మా ఇంటాయన గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. నువ్వా, ఇంకెవరో వచ్చారనుకున్నాను అన్నారు. సంతోషపడాలి కదా. భయమేసింది. నా పళ్ళు ఆ గాట్లలోకి వాటంతటవే వెళ్ళి కూర్చుంటున్నాయి. ఇంతకీ బాగా వాయిస్తున్నది నేనేనా?

జూన్ 26

బ్యాగులో రెండు మౌత్‌పీసులూ ఉన్నాయి. వరండాలో నాది బిగించాను, విప్పాను, ఆయనది బిగించాను. ఏడో నంబరు అని పిలిచేశారు. అలాగే వెళ్ళిపోయాను.

వాయించేవాళ్ళెవరో తెలియకుండా మధ్యలో తెర. మాట్లాడితే ఇంటికే. చివరిదాకా ఒక్క తప్పూ దొర్లలేదు. ఆపగానే తెర అవతల కుర్చీ జరిగిన చప్పుడు. ఒక ముసలి గొంతు, అరే, రైల్వే బ్యాండ్ ఆయన ఇంకా వాయిస్తున్నాడా అంది. ఎవరో ఉష్ అన్నారు. నేను నోరు విప్పలేదు. విప్పకూడదు కదా. విప్పి ఉంటే ఏం చెప్పేదాన్ని?

జూన్ 27

పెద్దాయనకు ఫోన్ చేసి ఆ సంగతి చెప్పాను. నువ్వేమన్నావమ్మా అని అడిగారు. అక్కడ మాట్లాడకూడదండీ అన్నాను. మంచి పని చేశావు అన్నారు.

జూన్ 30

సీటు వచ్చింది. మౌత్‌పీస్ తిరిగి ఇచ్చేశాను. పెద్దాయన వద్దనలేదు. సీటు వచ్చిందని బ్యాండ్ పంపిన ఉత్తరం చూపిస్తే రెండుసార్లు చదివి, ఇది నేను ఉంచుకోనా అని అడిగారు. పైన నా పేరే ఉంది. ఇచ్చేశాను.

సోమవారం ఆరింటికి రిహార్సల్.