ఆ బటన్ తప్పు చెప్పలేదు

నర్సీపట్నం,
10 నవంబరు 2025, సోమవారం.

చిరంజీవి జెన్నీకి,

అమ్మమ్మ ఆశీర్వదించి రాయునది. ప్రభువు కృప వల్ల ఇక్కడ తిండి, నిద్ర, ప్రార్థన వేళకు జరుగుతున్నాయి. నీకు మొదటి రెండూ లేవని నిన్న ఫోన్లో నీ గొంతే చెప్పింది. ముందు అన్నం తిను, తర్వాత ఇది చదువు.

నువ్వు ఏడుస్తూ చెప్పినదాంట్లో నాకు అర్థమైంది రాస్తున్నాను, తప్పుంటే దిద్దు. మన ఊరి ఆస్పత్రిలో డాక్టరు కంప్యూటర్లో రోగి రికార్డు తెరిస్తే పక్కన నువ్వు తయారుచేసిన బటన్ ఉంటుంది. నొక్కితే ఆ రోగి వయసు, బరువు, జబ్బు, వాడే మందులు చూసుకుని, వైద్య గ్రంథాల్లో ఆ మనిషికి పనికొచ్చే పేజీ మాత్రమే తెరుస్తుంది. గుండెదడ ఉన్న డెబ్బై ఏడేళ్ళ ఒకావిడకి రక్తం పలచన చేసే మాత్ర ఎంత ఇవ్వాలో రవికాంత్ డాక్టరు గారు అలా చూసే రాశారు. మూడు వారాలకి ఆవిడకి ముక్కులోంచి రక్తం ఆగకుండా కారింది. అందుకని శుక్రవారం ఆస్పత్రి కమిటీ కూర్చుని ఆ బటన్ తీసేస్తామంటోంది. నువ్వేమో తప్పంతా నాదేనని ఉత్తరం రాసి పెట్టుకున్నావు.

ఆ ఉత్తరం చింపెయ్.

ముప్పై నాలుగేళ్ళు లెక్కలు చెప్పినదాన్ని. జవాబు తప్పొస్తే పిల్లలు సూత్రాన్ని తిట్టేవారు. నేను మాత్రం వాళ్ళు మొదట వేసుకున్న అంకె చూసేదాన్ని.

పక్కింటి బేబి నిన్న వచ్చి, ఏటి టీచరమ్మా, ఆ డాక్టరు బాబు కంప్యూటర్ సూసి మందు రాస్తన్నాడంట, మరాయన సదివిందేటి అంది. మొన్న బిర్యానీకి ఉప్పెంతో నువ్వు ఫోన్లో చూసుకోలేదా, ఆ ఒక్క పూటే నీ వంట నోట్లో పెట్టుకోగలిగాం అన్నాను. అది పకపకా నవ్వి, అయితే మా ఆయనికి మందు రాసేటప్పుడూ ఆ బటనే నొక్కమనండి బేగి అంది. చదువుకున్న డాక్టరు గనకే మళ్ళీ చూసుకుంటున్నారు. పాఠం చెప్పే ముందు నేనూ రోజూ పుస్తకం తెరిచేదాన్ని.

ఆ మాత్ర పేజీ ఇంకోసారి చదువు. ఎనభై నిండినవాళ్ళకి మోతాదు తగ్గించాలని ఉంటుంది. డెబ్బై ఏడని రాసి ఉంటే నిండు మోతాదే చూపిస్తుంది. అదే చూపించింది.

శుక్రవారం తల దించుకుని కూర్చోకు. నీలం చీర కట్టుకో. గట్టిగా మాట్లాడు.

నీ మేలు కోరే అమ్మమ్మ,
జ్ఞానమణి

తా.క.: ఆ ఒకావిడ నేనే. పాయకరావుపేటలో స్త్రీల ప్రార్థన కూడికకి వెళ్ళానని నీకు చెప్పిన రెండు రోజులూ ఆస్పత్రి మంచం మీదున్నాను. నీకు చెప్పొద్దని డాక్టరు గారి దగ్గర మాట తీసుకున్నాను. నీకు రోగుల పేర్లు కనబడవు, నంబర్లే కనబడతాయని ధైర్యం.

నా వయసు డెబ్బై ఏడు కాదు, ఎనభై. నన్ను ఎనిమిదేళ్ళకి బడిలో వేశారు. ఇంత పెద్ద పిల్లని ఒకటో తరగతిలో ఎలా కూర్చోబెట్టను అని మాస్టారు ఐదేళ్ళని రాసేశారు. ఆ తేదీ మీదే సర్టిఫికెట్టు, ఉద్యోగం, ఆధార్. ఆ తేదీ మీదే మూడేళ్ళు ఎక్కువ ఉద్యోగం చేశాను. ఆ సిగ్గుతో ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. ఎనభైకి మోతాదు మారుతుందని డాక్టరు గారు మాటల్లో అన్నప్పుడు కూడా నోరు విప్పలేదు.

ఇవాళ పొద్దున్నే వెళ్ళి ఆయనకి చెప్పాను. మాత్ర మార్చారు. శుక్రవారం, మా నాన్నగారు పిల్లల పుట్టిన తేదీలు రాసుకున్న బైబిలు పట్టుకుని కమిటీకి నేనే వస్తున్నాను. నువ్వు మాత్రం పుట్టిన తేదీ గడి పక్కన ఒక ప్రశ్న పెట్టించు: ఇది ఇంట్లో తెలిసిన తేదీనా, బడిలో వేసిన తేదీనా అని. మా ఈడువాళ్ళు చాలామంది జవాబు చెప్పకుండా తడుముకుంటారు. అప్పుడు డాక్టర్లని కాస్త ఆగి, రెండోసారి అడగమను.