తడవని చీర అంచు

ఐప్పసి నెల, శుక్రవారం రాత్రి

పోయిన ఏడు ఇదే వానల నెలలో ఒక తెల్లవారుజామున, రంగనాథునికి పూలు కోసుకొని మా తోట నుంచి వస్తుంటే మంచుకు చీర అంచంతా తడిసి కాళ్లకు చుట్టుకుంది. ఈ ఉదయం అంచు పొడిగానే ఉంది. చుట్టూ తోటలు కొట్టి మిల్లు షెడ్లు వేశాక గాలిలో తేమ పోయింది. మబ్బు వస్తుంది, ఆగదు.

సాయంత్రం తమ్ముళ్లిద్దరూ వచ్చి కూర్చున్నారు.

"వాన లేని తోట ఎందుకక్కా? మిల్లుకే ఇచ్చేద్దాము," అన్నాడు పెద్దవాడు.

"ఉండే ఈ చెట్లూ కొట్టేస్తే వాన ఎట్లొస్తాదిరా?"

"నీ రంగనాథుణ్ణే అడుగు," అని చిన్నవాడు నవ్వాడు.

నాకు కోపం రాలేదు. ఏడుపూ రాలేదు. తోట మిల్లుకు ఇచ్చేటట్టే తీర్మానమైంది. దేవుడి పూలు ఇక బజారులో కొనుక్కోవాలట.